హైదరాబాద్‌లో కొత్త మనుషులతో పరిచయాలు: బెరుకున్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగా_మియాపూర్ | శుక్రవారం, రాత్రి 9:14

ఆఫీసు, పీజీ హాస్టల్, ఫోను. ఈ మూడింటి బయట నాలుగు పరిచయాలు కావాలి. "కాస్త కలుపుగోలుగా ఉండు" అనే సలహా దయచేసి వద్దు. ఎక్కడికి పోవాలి, పోయాక ఎక్కడ నిలబడాలి, మొదటి మాట ఏంటి, రెండో మాట ఏంటి, అక్కడి దాకా విడమరిచి చెప్పండి. శని ఆదివారాల్లో రెండు పూటలు, వారం మధ్యలో ఒక సాయంత్రం పెట్టగలను. ఖర్చు నెలకు వెయ్యి దాటకూడదు. మందు పార్టీలు, పబ్బులు వద్దు.

పాతపుస్తకాల_బండి | శుక్రవారం, రాత్రి 9:52

చోటు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుందండి. మూడు చూసుకోండి. వచ్చినవాళ్లే మళ్లీ వస్తారా? రోజు, టైము ఖాయంగా ఉంటాయా? మాట్లాడకపోయినా చేతికి ఏదో ఒక పని ఉంటుందా? మూడూ కుదిరితే బెరుకున్న మనిషికి అంతకంటే మంచి చోటు దొరకదు.

ఈ లెక్కన నుమాయిష్, అదే ఏటా జరిగే ఎగ్జిబిషన్, పనికిరాదు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి మైదానం కిటకిటలాడుతుంది కానీ ఈరోజు కనిపించిన మొహం రేపు కనిపించదు. జనం ఎక్కువైతే పరిచయాలు ఎక్కువవుతాయనుకోవడం పెద్ద పొరపాటు. ట్యాంక్‌బండ్ అయినా అంతే. డిసెంబరు ప్రాంతంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్ కొంత నయం. మధ్యాహ్నం స్టాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తే చిన్న ప్రచురణకర్తలు తీరిగ్గా మాట్లాడతారు. సాయంత్రం వాళ్లకు బిల్లులు రాయడంతోనే సరిపోతుంది.

ఏడాది పొడుగునా దొరికేవి చెప్తాను. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రాలు సభలూ కచేరీలూ నడుస్తూనే ఉంటాయి, చాలావాటికి టికెట్ ఉండదు. మియాపూర్ నుంచి ఎర్ర లైన్‌లో ఎంజీబీఎస్ దాకా వచ్చి, అక్కడ గ్రీన్ లైన్ ఎక్కితే సుల్తాన్‌బజార్, నారాయణగూడ దాటాక మూడో స్టేషనే చిక్కడపల్లి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పుస్తకావిష్కరణలు, చర్చలు జరుగుతాయి. సుల్తాన్‌బజార్‌లో 1901లో పెట్టిన గ్రంథాలయం, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి నడుస్తోంది. పంజాగుట్టలోనో ఇర్రం మంజిల్‌లోనో దిగి ఆటో మాట్లాడుకోవాలి. అక్కడ నాటకం, సినిమా, చర్చ ఏదో ఒకటి ఉంటుంది. చాయ్, సమోసా దొరుకుతాయి, ఒంటరిగా కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు.

సభలకు వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. వేదిక మీద ప్రసంగాలు నడిచేటప్పుడు పరిచయాలు కావు. అయ్యేదల్లా మొదలవకముందు పావుగంట, అయిపోయాక వరండాలో ఇరవై నిమిషాలు. ఆరింటికని కార్డులో వేస్తే ఆరున్నరకు మొదలవుతుంది కదా, ఆ అరగంట మీదే. అందరూ తిట్టుకునే ఆలస్యం బెరుకున్నవాళ్లకు అలా కలిసొస్తుంది. ఆలస్యంగా వెళ్లి, వందన సమర్పణ కాగానే బయటపడేవాళ్లు ఏళ్ల తరబడి వచ్చినా ఎవరికీ తెలియరు.

గ్రీన్‌కార్డ్_టైమర్ | శుక్రవారం, రాత్రి 10:20

టోస్ట్‌మాస్టర్స్, అంటే నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే క్లబ్బుల సంగతి ఎవరూ చెప్పలేదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల్లోనూ బయటా క్లబ్బులు బోలెడు. అతిథిగా వెళ్లడానికి సాధారణంగా డబ్బులు తీసుకోరు. "ఈరోజు వింటానంతే" అంటే బలవంతపెట్టరు.

మీటింగ్ ఇలా ఉంటుంది. సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగం సాధారణంగా 5 నుంచి 7 నిమిషాలు, కొత్త సభ్యుల మొదటి ప్రసంగం 4 నుంచి 6. తర్వాత టేబుల్ టాపిక్స్: అప్పటికప్పుడు ఒక విషయం ఇస్తారు, 1 నుంచి 2 నిమిషాలు మాట్లాడాలి. నిమిషానికి పచ్చ కార్డు, నిమిషంన్నరకు పసుపు, రెండుకు ఎరుపు. ప్రసంగం ఎలా ఉందో ఇంకొకరు లేచి 2-3 నిమిషాల్లో చెప్తారు.

బెరుకున్నవాళ్లు ముందు ప్రసంగం జోలికి పోవద్దు, టైమర్ పని అడిగి తీసుకోండి. కార్డులు ఎత్తడం, చివర్న లేచి "ఫలానావారు 6 నిమిషాల 10 సెకన్లు" అని చదవడం. చేతిలో కాగితం ఉంటుంది, చెప్పాల్సింది దాని మీదే ఉంటుంది, పైగా గదిలో అందరి పేర్లూ మీరే రాసుకోవాలి కనుక అడగడానికి సాకు దొరుకుతుంది. రెండోది "అ..", "మ్.." లెక్కపెట్టే పని. తప్పులు లెక్కపెట్టేవాడితో జనం నవ్వుతూనే మాట్లాడతారు లెండి.

ఇందిరాపార్క్_మూడోరౌండ్ | శనివారం, ఉదయం 6:40

అన్నా, స్టేజీ ఎక్కి మాట్లాడుడు వేరే, పక్కోనితోని మాట్లాడుడు వేరే. స్టేజీ మీద అదరగొట్టి, కిందికి దిగంగనే ఫోన్ల తల పెట్టేటోళ్లు మస్తుమంది ఉంటరు. టైమర్ పని ముచ్చట మాత్రం మంచిగ చెప్పినవ్.

నేను పార్కు సంగతి చెప్తా. ఇందిరా పార్క్, కేబీఆర్, సంజీవయ్య పార్క్, ఉస్మానియా క్యాంపస్, యాడికన్న పో. టైము మాత్రం మార్చకు. ఆరింటికంటే ఆరింటికే. పార్కుల ఆరింటి బ్యాచ్ వేరే ఉంటది, ఏడింటి బ్యాచ్ వేరే ఉంటది.

మొదటి వారం అందరు నడిచే దిక్కుకు ఎదురు నడువు. అందరితోని కలిసి ఒక్క దిక్కే నడిస్తె అందరి స్పీడు ఇంచుమించు ఒక్కటే గాబట్టి నీకు ముందున్నోని వీపు తప్ప ఏం కనపడదు. ఎదురు నడిస్తె ఒక్కో రౌండుకు ఒక్కో మనిషి రెండుసార్లు ఎదురైతడు. మూడు రౌండ్లంటె ఆరు సార్లు. మొదటిసారి ఉత్తగ చూడు, రెండోసారి తల ఊపు, మూడోసారి ఏమనకు. ప్రతిసారి నవ్వుకుంట పోతె ఎదుటోనికి ఇబ్బంది. ఒక్క దిక్కే నడవాలని బోర్డు పెట్టిన కాడ మాత్రం ఇది నడువది, చూసుకో.

రెండో వారం దిక్కు మార్చు. ఇప్పుడు నీ మొహం ఎరుకైంది గద, పక్కకొచ్చి "ఇయ్యాల ఎదురు వస్తలేరేంది?" అని వాళ్లే అంటరు. అనకపోతె నువ్వే అను. పక్కపక్కన నడుస్తుంటె కండ్లల్ల కండ్లు పెట్టి చూసే బాధ ఉండది, నడుమ రెండు నిమిషాలు సప్పుడు లేకున్న వింతగ ఉండది. కుర్చీల ఎదురెదురు కూసుంటె గా రెండు నిమిషాలే పానం తీస్తయి.

చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పోతె ఇదంత దండగ.

కొత్తగా_మియాపూర్ | శనివారం, ఉదయం 8:05

ఎదురు నడిచే లెక్క భలే ఉందన్నా. సరే, వరండాలో నిలబడ్డాను, చేతిలో చాయ్ ఉంది. పక్కన ముగ్గురు మాట్లాడుకుంటున్నారు. ఎలా దూరాలి?

మాటకు_మాట | శనివారం, ఉదయం 9:30

ముందు వాళ్ల పాదాలు చూడండి. ఇద్దరు ఎదురెదురుగా, పాదాలు ఒకరి వైపు ఒకరు పెట్టి మాట్లాడుకుంటుంటే అది సొంత సంగతి, వదిలేయండి. ముగ్గురో నలుగురో ఒక పక్క ఖాళీ ఉంచి నిలబడితే ఆ ఖాళీలో, అడుగు దూరంలో నిలబడవచ్చు. వెళ్లగానే మాట్లాడకూడదు. అర నిమిషం వినండి, నవ్వాల్సిన చోట నవ్వండి. ఎవరో ఒకరు మీ వైపు చూస్తారు. చూశాక ఒక్క వాక్యం, అదీ వాళ్లు మాట్లాడుకుంటున్న దాని మీదే. మీ పేరు, ఊరు, ఉద్యోగం అప్పుడే అక్కర్లేదు. రెండు నిమిషాలైనా ఎవరూ చూడకపోతే చాయ్ కప్పు పెట్టడానికన్నట్టు పక్కకు జరగండి. ఎవరూ గుర్తుపెట్టుకోరు.

దీనికన్నా తేలికైంది, ఒంటరిగా నిలబడ్డ ఇంకో మనిషి దగ్గరికి వెళ్లడం. ఏ సభలోనైనా అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఎవరైనా పలకరిస్తే బాగుండని ఎదురుచూస్తుంటారు.

మొదటి మాట ఎదురుగా ఉన్న విషయం మీదే ఉండాలి. చిన్న సాయం అడగడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. "ఇక్కడ కార్యక్రమాల వివరాలు ముందే ఎక్కడ తెలుస్తాయండీ?" అవుననో కాదనో తేలిపోయే ప్రశ్న కాదిది. జవాబులో ఏదో ఒక కొక్కెం ఉంటుంది, "వాట్సాప్ గ్రూపులో పెడతారు, నేను రెండేళ్లుగా వస్తున్నా" అని. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. "ఓహో, అలాగా" అని, తమ బుర్రలో తయారుగా ఉన్న రెండో ప్రశ్నకు దూకుతారు. అలా దూకితే అది ఇంటర్వ్యూ అయిపోతుంది. ఆ "రెండేళ్లు" పట్టుకోవాలి: "రెండేళ్లలో బాగా నచ్చిన కార్యక్రమం ఏది?" ఎదుటివాళ్లు అన్నదాన్నే పట్టుకుని అడిగేవాళ్లను జనం ఎక్కువ ఇష్టపడతారని 2017లో హార్వర్డ్ వాళ్ల పరిశోధన కూడా తేల్చింది. మన అరుగుల మీద పెద్దవాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిందే అనుకోండి.

రెండు ప్రశ్నలకు ఒకసారైనా మీ సంగతి ఒక ముక్క చెప్పండి. అడుగుతూనే పోతే పోలీసు ఎంక్వయిరీలా ఉంటుంది.

ముగించడం కూడా నేర్చుకోవాల్సిందే. మాట ఇంకా బాగున్నప్పుడే "ఉంటానండీ, వచ్చే శనివారం వస్తారా?" అని బయటపడండి. ఇద్దరికీ విసుగొచ్చేదాకా లాగి, ఫోను చూసుకుంటూ జారుకుంటే మరోసారి ఎదురుపడినప్పుడు ఇద్దరూ మొహం తిప్పుకోవాల్సి వస్తుంది.

సీతాఫల్‌మండి_గేట్ | శనివారం, ఉదయం 11:12

"మీదే ఊరు?" అని మొదలుపెట్టమని ఎవరూ చెప్పకపోవడం సంతోషం. మన దగ్గర అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న అదే. ఊరి వరకైతే సరే. తర్వాత ఎవరి పిల్లలు, ఇంటి పేరేంటి, అదే ఇంటి పేరు గుంటూరులోనూ ఉంది కదా... ఎక్కడికి పోతోందో ఎదుటివాళ్లకు వెంటనే అర్థమైపోతుంది. కులం ఆరా తీస్తున్నారనుకున్నాక ఇక మాట ముందుకు సాగదు. మీకా ఉద్దేశం లేకపోయినా సరే.

ఊరి పేరు వినపడగానే తిండి వైపో దారి వైపో మళ్లించండి. "నంద్యాలా? అక్కడ పొద్దున టిఫిన్ ఏం తింటారు?" "కరీంనగర్‌కు జేబీఎస్‌లో ఎక్కుతారా?" జీతం, పెళ్లి, పిల్లలు, ఇంటి అద్దె, మొదటి రెండు మూడు కలయికల్లో వీటి జోలికి పోవద్దు. అద్దె అడగడం తప్పేంటి అంటారేమో, దాన్ని బట్టి జీతం లెక్కేస్తారు మరి.

ఇంకోటి, ఎదుటివాళ్ల యాసను అనుకరించకండి. "గట్లనా అన్నా" అని రాని యాసలో మొదలుపెడితే వెక్కిరింపు అనుకుంటారు. మీ మాట మీరు మాట్లాడండి, అర్థం కానిది అడగండి. పాతబస్తీలో రెండు ముక్కల హిందీతో "హౌ భాయ్" అన్నా చాలు, నవ్వి వాళ్లే సర్దుకుంటారు.

మెట్లు_ఎక్కేవాడు | శనివారం, మధ్యాహ్నం 1:48

బెరుకు సంగతి నేను చెప్తాను. కంఫర్ట్ జోన్ అని మూడు వృత్తాలు గీసిన బొమ్మ నెట్‌లో తిరుగుతుంటుంది, దాని వెనక 1908 నాటి యర్క్స్-డాడ్సన్ ప్రయోగం ఉందంటారు. అది ఎలుకలకు షాకులిచ్చి చేసిన ప్రయోగం. బొమ్మను పక్కన పెట్టండి. క్లినిక్‌లో నిజంగా వాడేది మెట్ల పద్ధతి.

ఒక కాగితం మీద మీకు బెరుకనిపించే పనులు పది రాయండి. ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కు వేయండి. ఉదాహరణకు, కిరాణా కొట్టతన్ని ధర కాకుండా ఇంకేదైనా అడగడం 15. లిఫ్ట్‌లో పక్కింటాయన్ని పలకరించడం 25. పార్కులో తల ఊపడం 30. సభలో ఒంటరిగా ఉన్న మనిషిని పలకరించడం 50. ముగ్గురి గుంపులో దూరడం 65. సభ చివర మైకు తీసుకుని ప్రశ్న అడగడం 85. అంకెలు మీవి మీరే వేసుకోవాలి, కొందరికి మైకు తేలిక, లిఫ్టే కష్టం.

మొదలుపెట్టేది 30-40 దగ్గర. 15 మార్కుల పనితో ఏమీ నేర్చుకోరు. 85తో మొదలుపెడితే గుండె దడతో బయటికొచ్చి "నా వల్ల కాదు" అన్నది రుజువైందనుకుంటారు. ఒకే మెట్టు మీద, మార్కు సగానికి దిగేదాకా మళ్లీ మళ్లీ అదే చేయాలి. మధ్యలో పారిపోతే పారిపోయినందుకే హాయిగా అనిపిస్తుంది, మెదడు నేర్చుకునేది ఆ హాయినే. అందుకే దడ కాస్త తగ్గేదాకా అక్కడే ఉండాలి.

మెట్లు ఎక్కుతున్నా ఫలితం లేదంటే కారణం ఎక్కువసార్లు ఒకటే: దొంగ ఊతకర్రలు. చేతిలో ఫోను పట్టుకుని నిలబడటం, స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లి అతనితోనే మాట్లాడటం, ఎదుటివాళ్లు చెప్తుంటే వినకుండా మన తర్వాతి వాక్యం మనసులో వల్లెవేసుకోవడం, ఒక పెగ్గు వేసుకుని వెళ్లడం. గండం గడిచినట్టే ఉంటుంది, కానీ మంచి పేరంతా ఊతకర్రకు పోతుంది, భయం ఉన్నచోటే ఉంటుంది. ఒక్కోసారికి ఒక్కో కర్ర తీసేయండి. ముందు ఫోను.

ఇంటికొచ్చాక రాత్రి పడుకుని "అలా ఎందుకన్నాను" అని రీలు తిప్పుకోవడం ఉంటుందే, దానికి ఒక విరుగుడు. 2018లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, కొత్తవాళ్లు మాట్లాడుకున్నాక ఎదుటివాళ్లకు తాము ఎంత నచ్చామన్నది సాధారణంగా ఇద్దరూ తక్కువగానే అంచనా వేస్తారు. అదే సమయంలో ఎదుటి మనిషి కూడా తన గురించి అదే రీలు తిప్పుకుంటున్నాడన్నమాట.

నెలల తరబడి తప్పించుకుంటూ, ఉద్యోగం, చదువు దెబ్బతినేదాకా వస్తే మాత్రం ఇది ఫోరమ్ సలహాలతో తేలేది కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంటుంది. "ఎర్రగడ్డ" అనే మాటను తిట్టుగా వాడే ఈ ఊళ్లో అక్కడికి వెళ్లడమే చాలామందికి 90 మార్కుల మెట్టు, అదీ నిజమే. ఫోన్‌తో మొదలుపెట్టండి.

పాతపుస్తకాల_బండి | శనివారం, సాయంత్రం 4:33

మెట్ల మీద ఒక మాట. మెట్టెక్కడం ఒక ఎత్తు, పరిచయం స్నేహం కావడం ఒక ఎత్తు. అమెరికాలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు కొత్త ఊరికి మారినవాళ్లనూ, కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులనూ తీసుకుని లెక్కగట్టాడు. ముఖపరిచయం కాస్త స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, స్నేహితులు అనిపించుకోవడానికి 90, ప్రాణస్నేహానికి 200 పైన కలిసి గడపాల్సి వస్తుందని. వారానికి రెండు గంటల సభకు వెళ్తే 50 గంటలకు 25 వారాలు. మూడో వారానికే "ఈ ఊళ్లో ఎవరూ కలవరు" అని మానేసేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

గ్రీన్‌కార్డ్_టైమర్ | శనివారం, సాయంత్రం 5:10

అది అమెరికా లెక్క, ఇక్కడికి అలాగే అతికించలేమండి. పైగా ఒకే గదిలో ఉన్న గంటలన్నీ ఒకటి కావు. ఆఫీసులో పక్క సీట్లో ఏడాది కూర్చున్నా స్నేహం కాకపోవచ్చు. హాల్ కూడా పనిచేస్తూ గడిపిన గంటలకు అంత బలం లేదనే అన్నాడు. సభలో రెండు గంటలు పక్కపక్కన కూర్చుంటే మీ లెక్కలోకి వచ్చేది వరండాలోని అరగంటే.

పాతపుస్తకాల_బండి | శనివారం, సాయంత్రం 5:26

ఒప్పుకుంటాను. అయితే దారి ఇంకా స్పష్టమైంది. ప్రేక్షకుడిగా ఉంటే అరగంట, చేతికి పని తీసుకుంటే రెండు గంటలూ మీవే. రెండో మూడో సభకు నిర్వాహకుల దగ్గరికెళ్లి "కుర్చీలు వేయడానికి రానా?" అనండి. "ఏమైనా సాయం కావాలా?" అని అడిగితే "ఏం వద్దు బాబూ" అంటారు. పని పేరు చెప్పి అడగాలి. కుర్చీలు, పుస్తకాల బల్ల, మంచినీళ్ల క్యాను, ఫొటోలు. పుస్తకాల బల్ల దగ్గర కూర్చున్నవాడి దగ్గరికి జనమే వస్తారు, తను వెళ్లి పలకరించాల్సిన పనే లేదు.

చెయిన్_ఊడింది | శనివారం, రాత్రి 8:02

సైకిల్ గుంపుల్లోనూ అంతే. తొక్కేటప్పుడు మాటలుండవు, పంక్చర్ పడ్డప్పుడే. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ మీద ఆదివారం తెల్లారుజామున గుంపులు కనిపిస్తాయి. వెళ్లేముందు ఇది వెనకబడ్డవాళ్ల కోసం ఆగే రైడా, కాదా అని అడగండి. కాకపోతే మొదటి పది కిలోమీటర్లలోనే ఒంటరైపోతారు. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, మీ చక్రం సైజు ట్యూబ్ ఒకటి, టైర్ లీవర్లు రెండు, చిన్న పంపు, లీటరు నీళ్లు. స్పేర్ ట్యూబ్ ఎదుటివాడి చక్రానికి సరిపోయిందా, ఆ రోజు నుంచి మీ పేరు అందరికీ గుర్తే.

సైకిల్ లేకపోతే పరిచయాల కోసమని కొనకండి. నెల ఖర్చు వెయ్యి అన్నారుగా.

ఉప్పల్_ఫస్ట్‌కోచ్ | శనివారం, రాత్రి 9:15

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మగవాళ్లకు సులువు. ఆడపిల్ల పార్కులో కొత్త మగమనిషికి తల ఊపితే దాని అర్థం వేరేగా తీసేవాళ్లుంటారు. కాబట్టి కొన్ని మార్పులు.

మొదటి ప్రయత్నాలు ఆడవాళ్లతోనే, లేదా ఆడవాళ్లు కనీసం మూడో వంతు ఉండే చోటే. గుంపు ఫొటోలు ముందే చూస్తే తెలిసిపోతుంది. ఫోన్ నంబర్ మొదటి రోజు ఇవ్వనక్కర్లేదు, "గ్రూపులో ఉంటాను" అంటే చాలు. వాట్సాప్ గ్రూపులో చేరితే నంబర్ అందరికీ కనిపిస్తుందని మర్చిపోవద్దు. చేరేముందే ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్ కాంటాక్ట్స్ వరకే కనిపించేలా మార్చుకోండి. ఇంటి దాకా దింపుతామంటే మెట్రో స్టేషన్ వరకు చాలనండి. తేడాగా మాట్లాడితే మర్యాద కోసం నవ్వాల్సిన పనిలేదు, లేచి వెళ్లిపోవచ్చు. వెంటపడితే డయల్ 100. పోలీసుల షీ టీమ్స్ ఉన్నవి ఇందుకే, 2014 నుంచి పనిచేస్తున్నాయి.

అబ్బాయిలకు కూడా ఒకటి. ఆడవాళ్లు ఒక్క ముక్కలో జవాబిచ్చి మళ్లీ మిమ్మల్ని ఏమీ అడగకపోతే మాట అయిపోయిందని అర్థం. బెరుకు పోగొట్టుకునే సాధనకు అవతలి మనిషిని వాడుకోకండి.

మోడరేటర్_2 | శనివారం, రాత్రి 9:40

పై పోస్టును పిన్ చేశాను. దానికి తోడు రెండు హెచ్చరికలు. డేటింగ్ యాప్‌లో పరిచయమై ఫలానా పబ్‌కే రావాలని పట్టుబట్టి, వేలల్లో బిల్లు అంటగట్టి మాయమయ్యే మోసాలు ఈ ఊళ్లో బయటపడ్డాయి. చోటు మీరే చెప్పండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. రెండోది, "మంచి అవకాశం ఉంది, హోటల్లో చిన్న మీటింగ్, వివరాలు వచ్చాక చెప్తాం" అంటే అది గొలుసుకట్టు వ్యాపారమే అనుకోండి. కొత్త ఊళ్లో స్నేహాల కోసం చూసేవాళ్లే వాళ్లకు దొరికే మనుషులు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కొండాపూర్_నాలుగో_అంతస్తు | ఆదివారం, ఉదయం 7:20

పిల్లల దగ్గరికి వచ్చి ఉండే అమ్మానాన్నల సంగతేంటి? ఊళ్లో నలుగురిలో తిరిగినవాళ్లు ఇక్కడ అపార్ట్‌మెంట్లో పొద్దంతా టీవీ ముందే ఉంటారు. సభలకు, సైకిళ్లకు రమ్మంటే వస్తారా?

సీతాఫల్‌మండి_గేట్ | ఆదివారం, ఉదయం 8:44

వాళ్లకు దూరం పంపనక్కర్లేదండి. మధ్యాహ్నం స్కూలు బస్సు వచ్చే వేళకు పావుగంట ముందు గేటు దగ్గరికి పంపండి. ప్రతి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరా ఆ టైముకు తాతలు, అమ్మమ్మలు చేరతారు. రోజూ వచ్చేవాళ్లే, టైము ఖాయం, చేతికి పని ఉంది. పైన చెప్పిన మూడూ కుదిరాయి చూశారా. మీ ఇంట్లో బడి పిల్లలు లేకపోతే పక్కింటి పిల్లల్ని తెచ్చే పని అడిగి తీసుకోవచ్చు, ఆ తల్లిదండ్రులు వద్దనరు.

గుడిలో విష్ణు సహస్రనామ పారాయణ బృందాలు, భజనలు ఉంటాయి. బతుకమ్మ రోజుల్లో పువ్వులు తెంపి పేర్చే చోట కూర్చోబెడితే అమ్మలకు పరిచయం చేయాల్సిన పనే ఉండదు. వినాయక చవితి మండపంలో ప్రసాదం పంచే బాధ్యత నాన్నకు అప్పగించమని కమిటీకి ముందే చెప్పండి. చందా ఇచ్చి దణ్ణం పెట్టి వచ్చేస్తే ఏమీ రాదు.

అసలు అడ్డు తరచు వేరే ఉంటుంది. లిఫ్ట్ వాడటం రాదు, ఇంటర్‌కామ్ రాదు, బ్లాకులన్నీ ఒకేలా ఉండి దారి తప్పుతామన్న భయం. అది చెప్పుకోవడానికి నామోషీ పడి "మాకు ఇంట్లోనే బాగుంది" అంటారు. మొదటి వారం వెంట ఉండి ఇవి నేర్పండి. ఫ్లాట్ నంబరు, మీ ఫోన్ నంబరు రాసిన కార్డు జేబులో పెట్టండి. పరిచయం చేసేటప్పుడు "మా నాన్నగారు" అని ఊరుకోకుండా "సాగు బాగా తెలుసు, మీ బాల్కనీ మొక్కలకు ఏమైనా తెగులుంటే అడగండి" అని ఒక విషయం తగిలించండి. మర్నాడే ఎవరో ఎండిన కరివేపాకు కొమ్మ పట్టుకొస్తారు.

కొత్తగా_మియాపూర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఇప్పుడు చివరి అంచె. ఇద్దరు ముగ్గురు పరిచయమయ్యారు, "ఎప్పుడైనా కలుద్దాం" అనుకున్నాం. అక్కడే ఆగిపోతుంది కదా, తర్వాత?

మాటకు_మాట | ఆదివారం, మధ్యాహ్నం 1:35

"ఎప్పుడైనా" అన్నది మర్యాదకు వీడ్కోలు, ఆహ్వానం కాదు. రోజు, టైము, చోటు, ఎంతసేపు, నాలుగూ ఉండాలి. కలిసిన రెండు రోజుల్లోపు ఇలా రాయండి: "నమస్తే అండీ, శనివారం గానసభలో కలిశాం. వచ్చే ఆదివారం పొద్దున అబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాలు చూడ్డానికి వెళ్తున్నాను, పదింటి నుంచి ఒక గంట. కుదిరితే రండి, కుదరకపోయినా నేను వెళ్తాను." చివరి వాక్యం చాలా ముఖ్యం. రాలేనని చెప్పడానికి ఎదుటివాళ్లు ఇబ్బంది పడరు, వాళ్లు రాకపోయినా మీ ఆదివారం చెడదు.

జవాబు రాకపోతే ఒక వారం ఆగి, వేరే విషయం మీద ఇంకొక్కసారి. అప్పటికీ లేకపోతే వదిలేసి, ఎదురుపడినప్పుడు మామూలుగా పలకరించండి. "మెసేజ్ చూడలేదా?" అని నిలదీయకండి.

ఇంటికి రాగానే ఫోన్‌లో పేరు పక్కన రెండు ముక్కలు రాసుకోండి, "నిజామాబాద్, ఫ్లూటు, పరీక్షలకు చదివే తమ్ముడు" అని. మళ్లీ కలిసినప్పుడు "తమ్ముడి పరీక్షలెలా అయ్యాయి?" అంటే అది వంద చలోక్తుల పెట్టు.

ఇందిరాపార్క్_మూడోరౌండ్ | ఆదివారం, మధ్యాహ్నం 2:50

నలుగురైనంక నువ్వే పిలువు. ఇరానీ హోటల్ల టేబుల్‌కు నలుగురే పడ్తరు, ఆరుగురు దాటితె రెండు ముక్కలైతరు, ఆ మూలకున్నోని మాట ఈ మూలకు ఇనబడది. సాయంత్రం రష్షుల పోతె వెయిటర్ మీద మీద నిలవడ్తడు, పొద్దుగాల పదకొండు నుంచి పన్నెండు నడుమ ఖాళీగుంటది. బిల్లు ముచ్చట కూసునేకంటె ముందే అను, "ఎవరిది వాళ్లే". ఒక్కడే కడ్తె మల్లొచ్చేతప్పుడు ఇంకోడు కట్టాలె, కట్టలేనోడు చెప్పకుండ మానేస్తడు. వస్తనన్నోళ్లల్ల సగంమంది రారనే అనుకొని పిలువు. వాట్సాప్ గ్రూపు రెండోసారి కలిసినంకనే పెట్టు, లేకుంటె గుడ్‌మార్నింగ్ ఫొటోలతోని వారంల సచ్చిపోతది.

ఉప్పల్_ఫస్ట్‌కోచ్ | ఆదివారం, సాయంత్రం 3:30

ఇరానీ హోటళ్లలో ఫ్యామిలీ సెక్షన్ ఉందో లేదో ముందు చూసి పిలవండి. కొన్నిచోట్ల ఆ టైముకు అంతా మగవాళ్లే ఉంటారు, పిలిచినమ్మాయి గుమ్మం నుంచే వెనక్కి పోతుంది. గుంపులో ఆడవాళ్లుంటే లామకాన్ లాంటి చోటు మేలు.

కొత్తగా_మియాపూర్ | ఆదివారం, సాయంత్రం 6:05

వానాకాలం పార్కు, అబిడ్స్ రెండూ కుదరవు కదా. రద్దు చేసుకోవడమేనా?

పాతపుస్తకాల_బండి | ఆదివారం, సాయంత్రం 6:41

రద్దు చేయకండి, చోటు మార్చండి. మొదట పిలిచినప్పుడే "వాన పడితే అదే టైముకు ఫలానా చోట" అని రాసేయండి. ఒక్కసారి రద్దయితే మళ్లీ అందరికీ కుదిరే తేదీ దొరకడానికి నెల పడుతుంది. అబిడ్స్‌కు బదులు అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం దగ్గర కలవచ్చు, లోపల మాట్లాడకూడదు కానీ భవనం చూడదగ్గది. పక్కనే ఎంజీబీఎస్ మెట్రో. సెలవులు, వేళలు మాత్రం ముందు రోజు కనుక్కుని వెళ్లండి.

ఇందిరాపార్క్_మూడోరౌండ్ | ఆదివారం, రాత్రి 7:18

పార్కుకైతె వానల గుడ పోవచ్చన్నా. ఇరవై మంది వచ్చే కాడ నలుగురే వస్తరు, అందరు ఒక్క షెడ్డు కిందనే నిలవడ్తరు. ఛత్రి పెద్దది తీస్కపో.